ఉప్పుగాలి ఊరిలో పాత ల్యాప్‌టాప్: ఇంటి మరమ్మతులో ఎదురయ్యే చిక్కులు

ఇంజనీరింగ్ చదువు కోసం 2012, 2016 మధ్య కొన్న ల్యాప్‌టాప్‌లు విశాఖపట్నంలో ఇప్పటికీ చాలా ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. అన్న కోసం కొన్నది చెల్లెలి చేతికి వచ్చింది, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో ఆన్‌లైన్ పాఠాలకు మళ్లీ బయటపడింది, ఆ తర్వాత మూలన చేరింది. ఒక వానాకాలం దాటాక తీసి మీట నొక్కితే అది వెలగదు. వెలిగినా పది నిమిషాలకే వేడెక్కి ఆగిపోతుంది, లేదా మూత తెరుస్తుండగా మడతబందు దగ్గర ప్లాస్టిక్ టక్కుమంటుంది. షాపుకు ఇవ్వాలా, ఇంట్లోనే విప్పి చూడాలా అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. తెలుగులో చేసి చూపించే వీడియోలు ఉన్నాయి, స్క్రూడ్రైవర్ల సెట్టు చవకగా వస్తుంది, కాబట్టి పని తేలికగానే కనిపిస్తుంది. చెడిన భాగం తీసి కొత్తది పెట్టడం చాలాసార్లు నిజంగానే తేలిక. అయితే పదేళ్లలో పెళుసుబారిన మంచి భాగాలను విరగ్గొట్టకుండా ఆ చెడిన భాగం దాకా చేరుకోవడం కష్టం, అంతకంటే ముందు చెడింది ఏదో సరిగ్గా తేల్చుకోవడం ఇంకా కష్టం.

ఈ ఊరి గాలి ఆ కష్టాన్ని పెంచుతుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు ఇళ్లలో కిటికీ చువ్వలు, ఏసీ బయటి యూనిట్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడ ఉండేవారికి తెలుసు. అదే గాలిని ల్యాప్‌టాప్ ఫ్యాను రోజూ గంటల తరబడి లోపలికి లాగుతుంది. దానితో వచ్చిన ఉప్పు కంటికి కనిపించనంత పలుచగా బోర్డు మీద పేరుకుంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటినప్పుడు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే ద్రవంగా మారుతుంది, ఆ ద్రవం గుండా కరెంటు పారుతుంది. వానాకాలం ఉదయం వెలగని ల్యాప్‌టాప్ ఏసీ గదిలో కొన్ని గంటలు ఉంచాక ఒక్కోసారి ఏమీ జరగనట్టు వెలగడానికి ఇదొక కారణం. అలా వెలిగిందని ఊరుకుంటే లోపల రాగి గీతలకు, కనెక్టర్ల పిన్నులకు చిలుము పట్టడం ఆగదు. ఇత్తడి బిందె మీద చూసే ఆకుపచ్చ పొరే ఇక్కడ వెంట్రుకంత సన్నటి గీత మీద పడుతుంది. బిందెను చింతపండుతో తోమితే పోతుంది, గీత మాత్రం తెగిపోతుంది.

వన్‌టౌన్ వైపు దీనికి పోర్టు నుంచి వచ్చే బొగ్గు, ఇనుప ఖనిజపు ధూళి తోడవుతుంది. ల్యాప్‌టాప్ వయసు పదేళ్లు దాటితే మరో సంగతి కూడా గుర్తు చేసుకోవడం మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని తాకిన రోజు ఎన్నో ఇళ్లలో కిటికీ అద్దాలు పగిలి వానజల్లు గదుల్లోకి కొట్టింది, తర్వాత కొన్ని రోజుల పాటు కరెంటు లేదు. ఆ రోజు ల్యాప్‌టాప్ ఎక్కడ ఉందో ఇంట్లో వాళ్లను అడగడం రోగ నిర్ధారణలో భాగమే, ఎందుకంటే ఒకసారి తడిసి ఆరిన బోర్డులో చిలుము ఏళ్ల తరబడి నెమ్మదిగా పాకుతూ ఉంటుంది. తేమ వల్ల ఒక చిన్న మేలు కూడా ఉంది. పొడిగాలి ప్రాంతాల్లో విడిభాగాలను దెబ్బతీసే స్థిర విద్యుత్తు ఇక్కడి గాలిలో అంతగా పోగుపడదు. అయినా బోర్డును తాకే ముందు ఏదైనా పెద్ద లోహపు వస్తువును ముట్టుకోవడం మానకూడదు.

చిలుము, ఉప్పుపొర కనిపించినచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా రుద్దాలి. ఆల్కహాల్ 99 శాతానిది కావాలి. 70 శాతం ద్రావణంలో మిగిలినది నీరే కనుక ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది. పెయింట్ థిన్నర్ వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది. ఈ పనంతటికీ ముందు చార్జర్ తీసేసి, బ్యాటరీ కనెక్టర్ విప్పేసి ఉండాలి.

విప్పడం దగ్గరే ఎక్కువ ల్యాప్‌టాప్‌లు పాడవుతాయి. అడుగున కనిపించే స్క్రూలన్నీ తీసినా మూత ఊడిరాకపోతే చాలామంది బలం ఉపయోగిస్తారు. అప్పటికి రబ్బరు కాళ్ల కింద రెండు, డీవీడీ డ్రైవ్ తీస్తే దాని గూట్లో రెండు మూడు, కీబోర్డు కింద మరికొన్ని స్క్రూలు ఇంకా బిగిసే ఉంటాయి. లెనోవో థింక్‌ప్యాడ్‌లకు, డెల్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విప్పే క్రమం బొమ్మలతో సహా చూపే సర్వీస్ మాన్యువల్ ఆ కంపెనీల సైట్లలోనే ఉచితంగా దొరుకుతుంది. అది ఆంగ్లంలోనే ఉన్నా బొమ్మలు చాలు. వీడియో మీద మాత్రమే ఆధారపడితే ఒక ఇబ్బంది ఉంది: అందులో విప్పేది అదే పేరున్న మరో రకం కావచ్చు, పైకి ఒకేలా ఉన్నా లోపలి అమరిక వేరుగా ఉంటుంది. స్క్రూలు కూడా అన్నీ ఒకే పొడవు ఉండవు. పొడుగు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే దాని కొన పైకి పొడుచుకొచ్చి చేతులు ఆనించే పలకను చీలుస్తుంది, లేదా బోర్డులోకి దిగుతుంది. అట్టముక్క మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ తీశారో అక్కడే గుచ్చి ఉంచుకుంటే ఈ ప్రమాదం ఉండదు. తుప్పు పట్టిన స్క్రూ తలకు సరైన కొలత లేని స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది, ఆపైన అది ఇంట్లో రాదు.

మూత ఊడాక ఎదురయ్యేవి రిబ్బన్ కేబుళ్లు. కీబోర్డు, టచ్‌ప్యాడ్, పవర్ మీట, అన్నీ కాగితంలా పలుచని రిబ్బన్లతోనే బోర్డుకు కలుస్తాయి. ప్రతి రిబ్బను బోర్డుకు కలిసే చోట గోరు కొనంత వెడల్పున్న నల్లటి లేదా గోధుమరంగు తాళం ఉంటుంది. కొన్నింటిలో అది గడియలా పైకి లేస్తుంది, కొన్నింటిలో రెండు చివర్లా పట్టుకుని ఒక మిల్లీమీటరు ముందుకు జరపాలి. ఏ రకమో చూడకుండా లాగితే తాళం విరుగుతుంది. పదేళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ గాజులా పెళుసెక్కి ఉంటుంది కాబట్టి సరిగ్గా లేపినా ఒక్కోసారి విరుగుతుంది. ఆ తాళం విడిగా అమ్మరు. కనెక్టరు మొత్తాన్ని బోర్డు మీద టంకం కరిగించి మార్చాలి. ఫ్యాను శుభ్రం చేయడానికి విప్పిన ల్యాప్‌టాప్ కీబోర్డు పనిచేయని ల్యాప్‌టాప్‌గా మారడం ఇలాగే జరుగుతుంది.

మడతబందును వాడుకలో అందరూ హింజ్ అంటారు. దీని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత ల్యాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే దెబ్బ ఇదే, సరిగా అర్థం కానిదీ ఇదే. హింజ్ ఉక్కుతో చేసినది. అది బిగిసి ఉండేది ప్లాస్టిక్ పలకలో వేడిచేసి దింపిన చిన్న ఇత్తడి నట్లలోకి. కొత్తలో హింజ్ నునుపుగా తిరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి గ్రీజు ఎండిపోయి, ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పట్టి, తిరగడానికి మొరాయిస్తుంది. అప్పుడు మూత తెరిచే చేతి బలమంతా ఆ ఇత్తడి నట్ల మీద పడి, అవి చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను పెకలించుకుని పైకి వస్తాయి. మూలన చట్రం విడిపోవడం, తెరుస్తుంటే చప్పుడు రావడం ఆ దశలోనే కనిపిస్తాయి. అప్పటికీ తెరుస్తూ మూస్తూ వాడితే, హింజ్ పక్కనుంచే వెళ్లే స్క్రీన్ కేబుల్ నలిగి తెర మినుకుమినుకుమంటుంది.

దీనికి ఇంట్లో చేసే మొదటి పని ఫెవిక్విక్ వేయడం. అది నిలవదు. ఫెవిక్విక్ గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది, హింజ్ దగ్గర పనిచేసేదేమో మెలితిప్పే బలం. పైగా అది కారి హింజ్ లోపలికి చేరితే హింజ్ మరింత బిగుసుకుంటుంది. మొదట చేయాల్సింది హింజ్ చివరనున్న నట్టును పావు వంతు చొప్పున వదులు చేసి, మూత తేలికగా తిరిగేలా చూడడం. కారణం తొలగకుండా అతికించినది మళ్లీ ఊడుతుంది. ఆ తర్వాత నట్లు ఊడిన గుంటలను ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఆల్కహాల్‌తో తుడిచి, అరాల్డైట్ వంటి రెండు భాగాల జిగురు కలిపి నింపి, నట్లను స్క్రూలతో సహా వాటి పాత చోటే కూర్చోబెట్టి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. జిగురు నట్టు మరలలోకి కారకుండా స్క్రూకు ముందే కొంచెం గ్రీజు రాయడం అవసరం. నట్టు అర మిల్లీమీటరు పక్కకు జరిగినా మూత సరిగా మూయదు. ఇంత జాగ్రత్తగా చేసిన అతుకు చాలాకాలం నిలుస్తుంది. మూత పలక మొత్తం చీలిపోయి ఉంటే మాత్రం పలకనే మార్చడం మేలు.

అసలు వెలగని ల్యాప్‌టాప్ విషయంలో తొందర పనికిరాదు. బోర్డు పోయిందన్న నిర్ణయానికి రావడానికి ముందు తేలిక కారణాలను ఒక్కొక్కటిగా కొట్టివేసుకుంటూ రావాలి. మొదటి అనుమానితుడు చార్జరే. మల్టీమీటరుతో పిన్ను దగ్గర కొలిస్తే 19 లేదా 19.5 వోల్టులు కనిపించవచ్చు, కానీ బరువు మోపనప్పుడు సరైన వోల్టేజీ చూపి, ల్యాప్‌టాప్‌కు పెట్టగానే కుంగిపోయే చార్జర్లు ఉంటాయి. అందుకే బాగా పనిచేస్తోందని తెలిసిన మరో చార్జర్‌తో చూడాలి. దాని వోల్టేజీ సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానం లేదా ఎక్కువ ఉండాలి. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని రాసి ఉంటే అది 65 వాట్ల చార్జర్. 4.62 ఆంపియర్లు ఉంటే 90 వాట్లది. డెల్ చార్జర్ పిన్ను నడుమ ఉండే సన్నని సూది చార్జర్ రకాన్ని ల్యాప్‌టాప్‌కు తెలియజేస్తుంది. ఆ సూది వంగినా, దాని తీగ తెగినా ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీకి చార్జ్ ఎక్కదు, వేగం కూడా తగ్గుతుంది. ఈ లక్షణం చూసి కొత్త బ్యాటరీ కొన్నవాళ్ల డబ్బు వృథా అవుతుంది.

చార్జర్ బాగుంటే, బ్యాటరీ తీసేసి పవర్ మీటను అర నిమిషం నొక్కి పట్టుకుని, తర్వాత చార్జర్ ఒక్కదానితో వెలిగించి చూడాలి. అప్పటికీ ఫ్యాను తిరిగి తెర నల్లగానే ఉంటే ర్యామ్ (తాత్కాలిక మెమరీ) వంతు. ర్యామ్ కార్డు తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తేలికగా రుద్ది, పొట్టు రాలకుండా తుడిచి మళ్లీ పెట్టడం మన షాపుల్లో రోజూ జరిగే వైద్యం. ఈ ఊరి గాలిలో ఆ పళ్లకు పొర పట్టడం మామూలు కాబట్టి ఇది చాలాసార్లు పనిచేస్తుంది కూడా. రెండు కార్డులుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. కొత్త కార్డు కొనేటప్పుడు 1.5 వోల్టుల డీడీఆర్3కి, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్‌కి తేడా గమనించాలి. రెండూ ఒకే గూటిలో కూర్చుంటాయి, కానీ 2013 నుంచి వచ్చిన ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లకు తక్కువ వోల్టేజీదే కావాలి. ర్యామ్ కూడా బాగుంటే తెర మీద సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడాలి. లీలగా బొమ్మ కనిపిస్తే పోయింది వెనక వెలుగు మాత్రమే. టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ కలిపితే బొమ్మ వస్తే బోర్డు బతికే ఉందన్నమాట.

వేడెక్కి ఆగిపోయే ల్యాప్‌టాప్‌కు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఫ్యాను గాలి బయటకు వెళ్లే దారిలో రాగి లేదా అల్యూమినియం రేకులు దువ్వెన పళ్లలా దగ్గరగా ఉంటాయి. ఫ్యానుకూ ఆ రేకులకూ మధ్య దుమ్ము, నూలు పోగులు, తేమ కలిసి నొక్కిన దుప్పటి ముక్కలా తయారవుతాయి. బయటి నుంచి గాలి ఊదితే ఆ ముక్క కదలదు, ఫ్యాను మూత తీసి చిమటాతో పట్టుకుంటే ఒకే తునకగా ఊడివస్తుంది. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది అతివేగంగా తిరిగి ఇరుసు దెబ్బతింటుంది. ప్రాసెసర్ వేడిని దాని మీది లోహపు హీట్‌సింక్‌కు చేర్చే థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా మారి ఉంటుంది. పాతది పూర్తిగా తుడిచి బియ్యపుగింజంత కొత్తది వేస్తే చాలు. హీట్‌సింక్ స్క్రూల పక్కన చెక్కిన 1, 2, 3, 4 అంకెల క్రమంలోనే బిగించాలి, అంకెలు లేకపోతే ఎదురెదురు మూలలుగా బిగించాలి. బోర్డు మీది ఇతర చిప్‌ల పైన మెత్తటి థర్మల్ ప్యాడ్ ఉన్నచోట పేస్ట్ వేయకూడదు. అక్కడి ఎడాన్ని పేస్ట్ పూడ్చలేదు.

బ్యాటరీ దగ్గర మాత్రం ధైర్యం తగ్గించుకోవాలి. పాతకాలపు ఆరు సెల్లుల బ్యాటరీలో ఉండేవి 18 మిల్లీమీటర్ల అడ్డకొలత, 65 మిల్లీమీటర్ల పొడవున్న 18650 సెల్లులు. వాటిలో చెడినవి తీసి కొత్తవి అతికించమని కొందరు సలహా ఇస్తారు. లిథియం సెల్లుకు నేరుగా టంకం పెట్టడం అగ్నితో చెలగాటం, అంతేగాక చాలా బ్యాటరీలలోని రక్షణ చిప్, సెల్లులు విడదీయగానే తనను తాను శాశ్వతంగా మూసేసుకుంటుంది. పలుచని ల్యాప్‌టాప్‌లలోని చదునైన బ్యాటరీ ఉబ్బితే టచ్‌ప్యాడ్ నొక్కుడు పడదు, అడుగు పలక టేబుల్ మీద ఊగుతుంది. అలాంటి దాన్ని చార్జ్ చేయకూడదు, ఇనుప పనిముట్టుతో పెకలించకూడదు, చెత్తబండిలో అసలే వేయకూడదు. కొత్త బ్యాటరీ కొన్నాక విండోస్‌లోని బ్యాటరీ నివేదిక తీసి, తయారీ నాటి సామర్థ్యాన్నీ, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యాన్నీ పోల్చి చూడాలి. ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న బ్యాటరీ కొత్త పెట్టెలో వచ్చినా ఈ రెండు అంకెల తేడా దాని సంగతి చెబుతుంది.

విడిభాగాలు దొరకడం మరో చిక్కు. ద్వారకానగర్ షాపుల్లో చార్జర్లు, ర్యామ్, ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌కు బదులు పెట్టే వేగమైన డిస్క్) ఆ రోజే దొరికినా, పదేళ్ల నాటి మోడల్‌కు హింజ్‌లు, కీబోర్డు, ఫ్యాను కావాలంటే తరచుగా సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో, బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచో తెప్పించాల్సిందే. తప్పు వస్తువు వస్తే వెనక్కి పంపి మరోటి తెప్పించడానికి వారాలు పడుతుంది, ఆ లోపు విప్పిన ల్యాప్‌టాప్ తేమలో తెరుచుకుని ఉంటుంది. మూత మీద రాసిన పేరుతో ఆర్డరు పెట్టడమే ఈ పొరపాటుకు మూలం. ఒకే పేరు కింద డజన్ల కొద్దీ రకాలుంటాయి. అడుగు చీటీ మీది పూర్తి ప్రొడక్ట్ నంబరు, తీసిన భాగం వెనక ఉన్న పార్ట్ నంబరు, ఈ రెండూ చూసి కొనాలి. తెర విషయంలో ఇది మరీ ముఖ్యం. 15.6 అంగుళాల తెరల్లో 40 పిన్నులవి, 30 పిన్నులవి ఉన్నాయి, పిన్నుల సంఖ్య కలిసినా సంకేత పద్ధతి వేరు కావచ్చు.

హార్డ్ డిస్క్ గురించి చెప్పాల్సింది తక్కువే. అది టిక్కుటిక్కుమంటుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా ఫొటోలు, పత్రాల సంగతి ముందు చూసుకోవాలి, ఎందుకంటే ఆ స్థితిలో ప్రతి ప్రయత్నమూ మిగిలిన డేటాను తినేస్తుంది. బాగానే ఉండి నెమ్మదిగా ఉంటే 2.5 అంగుళాల శాటా ఎస్ఎస్‌డీ పెట్టడం కంటే లాభసాటి పని మరొకటి లేదు. దాని మందం 7 మిల్లీమీటర్లు, పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లది అయితే ఎడం పూడ్చడానికి చిన్న ప్లాస్టిక్ చట్రం పెడితే సరిపోతుంది.

ఇంటి పని ఆగిపోయే హద్దు బోర్డు మీది టంకం. ఐరోపాలో 2006 జూలై 1 నుంచి సీసం వాడకంపై ఆంక్షలు వచ్చాక ప్రపంచమంతా ల్యాప్‌టాప్‌లలో సీసం లేని టంకం వాడుతున్నారు. పాత టంకం 183 డిగ్రీల దగ్గర కరిగితే ఇది 217 డిగ్రీల పైన గానీ కరగదు. దాన్ని ఇంట్లోని సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించబోయి రాగి గీతలను పైకి లేపేస్తుంటారు. గ్రాఫిక్స్ చిప్ పోయిన బోర్డును ఓవెన్‌లో పెట్టడం, హీట్ గన్‌తో కాల్చడం వంటి చిట్కాలు కొన్ని రోజులో వారాలో పనిచేసినట్టు కనిపిస్తాయి, ఆ తర్వాత మళ్లీ అదే తంతు, అన్నం వండే చోట ఆ పొగలు అదనం. ఇక్కడ చిప్ లెవల్ సర్వీసింగ్ అని బోర్డు పెట్టుకున్న షాపులకు వెళ్లడమే దారి. అయితే సగం విప్పి, స్క్రూలు క్యారీబ్యాగులో వేసుకుని తెచ్చిన ల్యాప్‌టాప్‌ను వాళ్లు సంతోషంగా తీసుకోరు. ఏది మొదటి నుంచీ పోయిందో, ఏది విప్పేటప్పుడు పోయిందో తేల్చడం వాళ్లకూ కష్టమే, ఆ కోపం న్యాయమైనదే. అనుమానం బోర్డు మీదే ఉన్నప్పుడు విప్పకుండా ఇవ్వడం వల్ల ఇరుపక్షాలకూ మేలు.

ఇన్ని చిక్కులు దాటి యంత్రం బాగుపడినా ఒక అడ్డంకి స్క్రూడ్రైవర్‌కు అందదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడుకదార్లకు భద్రతా సవరణలు 2026 అక్టోబరు 13 వరకు అందేలా ఏర్పాటు చేశారు. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి, అంటే ఇక్కడ చెప్పుకున్న ల్యాప్‌టాప్‌లన్నీ ఆ గీతకు అవతలే ఉంటాయి. ఎస్ఎస్‌డీ, ఎనిమిది జీబీల ర్యామ్ ఉన్న నాలుగో తరం ఐ3 మీద విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ చక్కగా నడుస్తుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అందులో ఉంది. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై కార్డులకు మాత్రం డ్రైవర్ విడిగా వేసుకోవాలి, విండోస్‌లోనే నడిచే కార్యాలయ సాఫ్ట్‌వేర్ అవసరమైనవారికి ఇది సరిపోదు. లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, శబ్దం, తెర వెలుగు పనిచేస్తున్నాయో లేదో డిస్క్‌లో ఏమీ మార్చకుండా చూసుకోవచ్చు. యంత్రం ఏ కాస్త వెలుగుతున్నా హింజ్‌లకూ బ్యాటరీకీ ఆర్డరు పెట్టడానికి ముందే ఈ పరీక్ష చేయాలి, వైఫై దొరకని యంత్రానికి తెప్పించిన హింజ్‌లను ఏ షాపూ వెనక్కి తీసుకోదు.